బావి, బీరువా, కంప్యూటర్: తాకే హక్కు చరిత్ర

మా ఊళ్లో గ్రంథాలయం ఊరి నడిమధ్య ఉండేది. మా గూడెం ఊరి అవతల, చెరువు కట్ట కింద. మా నాయన కూలికి పోతా వస్తా రోజూ ఆ గ్రంథాలయం ముందు నుంచే నడిచేవాడు. ఏనాడూ ఆ అరుగెక్కి పేపరు చేతిలోకి తీసుకోలేదు. అడిగితే 'చదువు రానోడికి పేపరెందుకురా' అనేవాడు. అసలు సంగతి చదువు కాదనీ, అరుగు అనీ నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

2009లో, డిగ్రీ చదివే రోజుల్లో, స్కాలర్‌షిప్ దరఖాస్తు కోసం పట్నంలో ఒక గ్రంథాలయానికి వెళ్లాను. అక్కడ గాజు గదిలో ఒక కంప్యూటర్ ఉంది. దానిమీద గుడ్డ కప్పి ఉంది. గదికి తాళం. ఉద్యోగి 'ఏ ఊరు? ఎవరి తాలూకు?' అనడిగాడు. ఈ ప్రశ్నకు అర్థమేమిటో మనోళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. జవాబు విన్నాక ఆయన 'పాడైపోతే ఎవరిది బాధ్యత?' అన్నాడు. ఆ రోజు తాళం తియ్యలేదు. ఆ 'బాధ్యత' అనే మాట మాత్రం నా చెవుల్లో అట్లాగే ఉండిపోయింది. ఈ వ్యాసం ఆ మాట చరిత్ర గురించే.

ఉమ్మడి వస్తువును ఎవరు తాకొచ్చు అనే గొడవ మన దేశంలో నీళ్ల దగ్గర మొదలైంది. ప్రభుత్వ డబ్బుతో నడిచే బావులు, చెరువులు, బడులు, ఆసుపత్రులు అంటరానివారికి కూడా తెరవాలని ఎస్.కె. బోలే పెట్టిన తీర్మానాన్ని 1923లో బొంబాయి శాసనమండలి ఆమోదించింది. 1924లో మహద్ మునిసిపాలిటీ తన చౌదార్ చెరువు అందరిదీ అంది. కాగితం మీద హక్కు వచ్చింది. చెరువులో చెయ్యి పెట్టడానికి మాత్రం 1927 మార్చి 20న అంబేద్కర్ వెంట వేలమంది నడిచి పోవలసి వచ్చింది. ఆ తర్వాత సవర్ణులు ఆ చెరువును పేడతో, గోమూత్రంతో శుద్ధి చేశారు. కోర్టు వ్యవహారం 1937 దాకా సాగింది. దీంట్లో మనం గుర్తుపెట్టుకోవలసిన పాఠం ఒకటుంది. తీర్మానానికీ తాకడానికీ మధ్య దూరం ఎప్పుడూ ఉంటుంది. ఆ దూరాన్ని మూసి ఉంచడానికి 'మైల', 'శుభ్రత', 'పద్ధతి' లాంటి మాటలు కాపలా కాస్తాయి.

ఇక గ్రంథాలయాల సంగతి. తెలుగువాళ్ల గ్రంథాలయోద్యమం గొప్పదని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. అబద్ధమేం కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వచ్చింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య జీవితమంతా దానికే ఇచ్చాడు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం మొదలైంది. 1935లో పాతూరి నాగభూషణం పడవలో పుస్తకాలు పెట్టి కాలవ వెంట ఊరూరికీ పంపాడు. పడవ కాలవగట్టు దాకా వచ్చింది. గట్టు మీది నుంచి గూడేనికి దారి ఎవరు వెయ్యాలి?

ఆ దారి వేసినవాళ్ల చరిత్ర వేరే ఉంది. 1906లో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టాడు. అక్షరం రానివాళ్లకు హరికథల ద్వారా విషయం చేరవేశాడు. 1910 నుంచి మన పిల్లలకు బడులు తెరిచాడు. 1917లో అదే బెజవాడలో జరిగిన సభలో 'మేం పంచములం కాం, ఆది ఆంధ్రులం' అని ప్రకటన జరిగింది. 1924లో అంబేద్కర్ పెట్టిన బహిష్కృత హితకారిణీ సభ ఆశయాల్లో హాస్టళ్లతోపాటు గ్రంథాలయాలు తెరవడం కూడా ఉంది. అంటే మనవాళ్లు పుస్తకాన్ని నీళ్లంత అవసరంగా చూశారు. ఒకే బెజవాడలో మూడేళ్ల తేడాతో గ్రంథాలయ సంఘం, ఆది ఆంధ్ర ప్రకటన రెండూ పుట్టాయి. మన పాఠ్యపుస్తకాల్లో ఈ రెండూ ఒకే పేజీలో ఎందుకు కనపడవు?

ఇది మన దేశం జబ్బు మాత్రమే కాదు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని అలెగ్జాండ్రియా పట్నంలో, 1939 ఆగస్టు 21న అయిదుగురు నల్లజాతి యువకులు పబ్లిక్ లైబ్రరీకి పోయి సభ్యత్వ కార్డు అడిగారు. లేదన్నారు. వాళ్లు తలా ఒక పుస్తకం తీసుకుని వేర్వేరు బల్లల దగ్గర మౌనంగా చదువుకుంటూ కూచున్నారు. చదువుతున్నందుకు అరెస్టు చేశారు! దాని వెనక ఉన్నది శామ్యూల్ టక్కర్ అనే యువ లాయరు. పట్నంవాళ్లు 1940లో నల్లవాళ్లకు వేరే లైబ్రరీ కట్టిచ్చారు. టక్కర్ ఆ కార్డు పుచ్చుకోలేదు. వేరే గ్లాసులో పోసిన టీ తాగినవాళ్లకు ఆయన ఎందుకు పుచ్చుకోలేదో ఇట్టే తెలుస్తుంది.

చట్టం సంగతి చూద్దాం. 1948లో మద్రాసు రాష్ట్రంలో, 1955లో హైదరాబాదు రాష్ట్రంలో, 1960లో ఆంధ్రప్రదేశ్‌లో పౌర గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసల గ్రంథాలయ సెస్సు ఉంది. గూడెంలో ఇంటి పన్ను కట్టినవాడు గ్రంథాలయానికి కూడా కట్టినట్టే. ప్రభుత్వ నిధులతో నడిచే బహిరంగ స్థలాల్లో కుల వివక్ష కూడదని రాజ్యాంగం 15(2) అధికరణం చెబుతోంది. కాబట్టి ఆ బీరువా మనది. ఆ కంప్యూటర్ కూడా మనదే. అది దయ కాదు, మనం కట్టిన పైసల లెక్క.

మన దేశంలో సామాన్య జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. ఇవాళ స్కాలర్‌షిప్, హాల్‌టికెట్, ఉద్యోగ దరఖాస్తు అన్నీ అందులోనే. 2014లో మొదలైన జాతీయ గ్రంథాలయ మిషన్ పబ్లిక్ లైబ్రరీలకు కంప్యూటర్లూ నెట్టూ ఇవ్వాలంది. 'అందరి చేతిలో ఫోనుంది గదా' అంటారు కొందరు. ఇంట్లో ఒకే ఫోను, అదీ నాయనతో పనికి పోతే, పిల్ల ఏం చెయ్యాలి? పది పేజీల దరఖాస్తు చిన్న తెరమీద నింపి, ఒక్క తప్పుతో ఏడాది పోగొట్టుకున్న పిల్లలు మన వాడల్లో ఉన్నారు. గ్రంథాలయంలోని కంప్యూటర్ ఇలాంటి పిల్లలకోసమే.

ఇప్పుడు నా తప్పు కూడా చెప్పుకోవాలి. తర్వాత నెలలో అదే గ్రంథాలయంలో ఇంకో ఉద్యోగి, ఒకామె, తాళం తీసి నన్ను కూచోబెట్టింది. దరఖాస్తు పూర్తి చేసి సంబరంగా వచ్చేశాను. వారం తర్వాత పోయి చూస్తే, నా కుల ధ్రువీకరణ పత్రం ఆ తెరమీద అట్లాగే ఉంది. వారం రోజులు వచ్చినవాళ్లందరూ చూసే ఉంటారు. చెరపాలని నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. ఆమే మౌస్ నా చేతికిచ్చి, ఎట్లా తీసెయ్యాలో చూపించి, 'వచ్చేటప్పుడు తలుపేసి రావాలి గదయ్యా' అంది. బాధ్యత అనే మాట నాకు మొదటిసారి మర్యాదగా వినపడింది అప్పుడే.

కాబట్టి 'బాధ్యత'ను మనం వదిలెయ్యకూడదు. దాన్ని వాళ్ల చేతిలోంచి మన చేతిలోకి తీసుకోవాలి. పదిమంది వాడే కంప్యూటర్లో పని అయ్యాక లాగౌట్ చెయ్యాలి. దించుకున్న ఆధార్, కుల, ఆదాయ పత్రాలను తీసెయ్యాలి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యాలి. ప్రైవేట్ విండోలో చూసినా దించుకున్న ఫైలు అక్కడే ఉంటుందని మరవకూడదు. పాస్‌వర్డ్ గుర్తుంచుకోమంటావా అని అడిగితే వద్దనాలి. బ్యాంకు పని అక్కడ పెట్టుకోకపోవడం మేలు. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసంతో వాడితే ఐటీ చట్టం 66సి కింద నేరం. వెనక ఇంకో పిల్ల వరసలో ఉందని గుర్తుంచుకోవాలి. కులం పేరుతో తిట్టే రాతను సరదాగా కూడా ముందుకు పంపకూడదు. ఇంటర్నెట్‌లో చేసిన కుల దూషణకు కూడా అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుందని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది.

మంచి సంగతి కూడా ఉంది. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లదాకా కాపీరైటు ఉంటుంది. అంబేద్కర్ తన జీవితకాలంలో అచ్చేసిన పుస్తకాలు 2017 నుంచి అందరి సొత్తు. 1936లో ఆయన సొంత ఖర్చుతో అచ్చేసుకున్న 'కుల నిర్మూలన' ఇంగ్లీషు మూలం ఇవాళ ఏ గ్రంథాలయం తెరమీదైనా పైసా లేకుండా చదవొచ్చు. జాషువా 1971లో పోయాడు గనక ఆయన పద్యాలకు 2031 చివరిదాకా హక్కులున్నాయి. ఏది స్వేచ్ఛగా తీసుకోవచ్చో, దేనికి అనుమతి అడగాలో తెలుసుకోవడం కూడా బాధ్యతే.

గ్రంథాలయానికీ బాధ్యత ఉంది. నియమాల బోర్డు తెలుగులో, అందరికీ కనపడేచోట ఉండాలి. వంతులు టోకెన్ల ప్రకారం ఉండాలి, 'ఎవరి తాలూకు' అనే ప్రశ్న ప్రకారం కాదు. వచ్చినవాళ్ల పేర్లు రాసే రిజిస్టరు బల్లమీద తెరిచి పడేయకూడదు. కూలికి పోయొచ్చే పిల్లల కోసం సాయంత్రాలు తెరిచి ఉంచాలి. వాడడం రానివాళ్లకు నేర్పాలి. నేర్పకుండా 'పాడుచేస్తారు' అనడం, నీళ్లు ముట్టనివ్వకుండా 'మురికివాళ్లు' అన్న పాత మాటే.

చదువుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పంతుళ్లూ! మీ ఊరి గ్రంథాలయానికి ఒకసారి పోండి. కంప్యూటర్ ఉందా, గుడ్డ కప్పి ఉందా, తాళం ఎవరి దగ్గరుంది, వసూలు చేసిన సెస్సు గ్రంథాలయానికి జమ అయిందా అని అడగండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది, దరఖాస్తు పెట్టండి. తాళం తీశాక కూచుని పని చేసుకోండి. లేచేటప్పుడు లాగౌట్ చేసి, పక్కన నిలబడ్డ పిల్లకు ఎట్లా చెయ్యాలో చూపించి రండి. మా నాయన ఎక్కని అరుగు అది. మన తర్వాతివాళ్లు దాన్ని అరుగని కూడా అనుకోకుండా ఎక్కిపోవాలి.