దూడ సంగతి

"దూడ సంగతి రాశావా?"

నా పదో ఏట మా ఎదురింటి మామ్మ అడిగిన మాట ఇది. ఆమె కొడుకు ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగి. ఆమెకు చదువు రాదు. నెలకోసారి నన్ను పిలిచి, అరుగు మీద కూర్చోబెట్టి, చేతికి కార్డు ముక్క ఇచ్చి చెప్పడం మొదలుపెట్టేది. ఒకసారి గేదె ఈనిందనీ, పెయ్యదూడ పుట్టిందనీ, దాని నుదుట తెల్లచుక్క ఉందనీ, అది పొదుగు పట్టక మొరాయిస్తే రాత్రంతా కొట్టంలోనే దాని పక్కన కూర్చున్నాననీ పూసగుచ్చినట్టు చెప్పింది. నేను రాసింది మాత్రం నాలుగు ముక్కలు. చిరంజీవిని ఆశీర్వదించి వ్రాయునది, ఉభయకుశలోపరి, ఇక్కడ అందరం క్షేమం, గేదె ఈనినది, పైకం అందినది. చదివి వినిపించమంది. వినిపించాను. కాసేపు ఊరుకుని దూడ సంగతి అడిగింది. రాశానన్నాను. "తెల్లచుక్క కూడానా?" అంది. అవునన్నాను.

ఆ అబద్ధం నన్ను ఇప్పటికీ వదల్లేదు. మనుషులు దూరమైనప్పుడు ఒకరికొకరు ఏం చేరవేసుకున్నారు, ఏది దారిలో జారిపోయింది అని ఆలోచించినప్పుడల్లా ఆ తెల్లచుక్క కళ్ల ముందుకొస్తుంది.

దూరం మనకు కొత్తది కాదు. 1860లో మద్రాసు నుంచి బయల్దేరి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు కూలీలను మోసుకెళ్లిన ట్రూరో ఓడలో తెలుగువాళ్లున్నారు. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి రంగూన్ రేవుకూ వరి మిల్లులకూ వేలమంది వెళ్లారు. వాళ్లలో ఎక్కువమందికి అక్షరం రాదు. సముద్రం దాటిన మనిషి బతికున్నాడో లేడో ఇంట్లోవాళ్లకు తెలియాలంటే అదే ఊరివాడు మరొకడు తిరిగిరావాలి. వచ్చినవాడి ఇంటి ముందు ఆ పూట ఊరంతా చేరేది. మావాడు కనబడ్డాడా, చిక్కాడా, ఏమన్నా చెప్పమన్నాడా అని అడిగేవాళ్లు. అప్పట్లో ఉత్తరమంటే ఆ మనిషే.

1854 అక్టోబరు 1 నుంచి దేశంలో ఎంత దూరానికైనా ఒకే ధరకు, అర్ధణాకు, ఉత్తరం వేసే వీలొచ్చింది. అంతకు ముందు దూరాన్ని బట్టి ఖర్చు పెరిగేది. 1879 జులై 1న కార్డు వచ్చింది. దాని వెల పావు అణా, అంటే ఒక కానీ. మరుసటి ఏడు మనియార్డరు మొదలైంది. ఈ మూడింటిలో పెద్ద మార్పు కార్డుదేనని నా అభిప్రాయం. కానీ పెడితే కబురు పంపొచ్చన్నది బీదవాడికి అంతకు మునుపు లేని భాగ్యం. నిజాం రాజ్యంలో లెక్క వేరు. అక్కడ టప్పా కచేరీలు ఉండేవి, 1869 నుంచి సొంత స్టాంపులు ఉండేవి. ఆ వ్యవస్థ భారత తపాలాలో కలిసింది 1950లో. మనవాళ్ల ఉత్తరాలు చాలాకాలం రెండు ప్రభుత్వాల సంచుల్లో ప్రయాణించాయన్నమాట.

కార్డుతోపాటు ఒక రాత పద్ధతీ స్థిరపడింది. పెద్దలకు మహారాజశ్రీ, ముత్తయిదువకు లక్ష్మీ సమానురాలైన, భర్త పోయిన ఆమెకు గంగా భాగీరథీ సమానురాలైన. శుభవార్తకు నాలుగు మూలలా పసుపు, చావు కబురుకు నల్లసిరా. చావు కార్డును చదివిన వెంటనే చించేసేవారు, గడప దాటి లోపలికి రానిచ్చేవారు కాదు. ఆ పద్ధతి ఉండబట్టే పదేళ్ల పిల్లవాడు కూడా ఒక తల్లి తరఫున ఉత్తరం రాయగలిగాడు. ఆ పద్ధతి ఉండబట్టే దూడ అందులో ఇమడలేదు. రెండూ నిజమే. ఇవాళ పొద్దున్నే ఫోన్లలో వచ్చిపడే పూలబొమ్మల శుభోదయాలను చూసి విసుక్కునేవాళ్లు ఉభయకుశలోపరిని ఒకసారి తలుచుకోవాలి. ఏం చెప్పాలో తోచనప్పుడు, చెప్పకుండా ఉండలేనప్పుడు మనిషి కట్టుడు మాటను ఆసరా చేసుకుంటాడు. ఆ మాట వెనక పంపినవాడి మనసు ఉందా లేదా అన్నదే చూడాలి.

ఉత్తరాల కాలం గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా నిరీక్షణనూ చేతిరాతనూ పొగుడుతారు. నాకు అంతకంటే ముఖ్యంగా కనబడేది మధ్యలోని మనిషి. పోస్టుమాను ఉత్తరం పడేసి పోయేవాడు కాదు. చదివిపెట్టేవాడు. కొడుకు జబ్బుపడ్డాడని రాసి ఉంటే, ముందు మంచినీళ్లు తాగమని, ఆ తర్వాత చదివేవాడు. జవాబూ అతనే రాసేవాడు. రెండు మనసుల మధ్య ప్రతి కబురూ మూడో మనిషి గొంతులోంచి, చేతిలోంచి వెళ్లేది. కబురు చేరేసరికి పక్కన ఒక మనిషి ఉండేవాడు. ఏడుపొస్తే పట్టుకోవడానికి ఒక చెయ్యి ఉండేది.

ఆ మూడో మనిషి భారం కూడా తక్కువేమీ కాదు. కోడలికి పుట్టింటి నుంచి ఉత్తరం వస్తే అత్తింటివాళ్లు విప్పి చదివాకే ఆమె చేతికిచ్చే ఇళ్లు ఎన్నో. ఆమె జవాబు రాస్తే అదీ అంతే. తనను కొడుతున్నారని ఏ కూతురైనా ఇన్‌లాండ్ లెటరులో ఎలా రాస్తుంది? ఇక్కడ నేను క్షేమం అని రాసేది. తల్లి ఆ అక్షరాల వంకర చూసి అనుమానపడాలి. ఉత్తరాల రోజులే మంచివి అనేవాళ్లతో నేను గొంతు కలపలేకపోవడానికి కారణం ఇదే. ఒక ఆడమనిషి స్నానాలగది తలుపేసుకుని తల్లికి రహస్యంగా ఫోన్ చేయగలగడం ఈ ముప్ఫై ఏళ్లలో వచ్చిన అతి పెద్ద మేలు.

ముఖం చూడకుండా స్నేహం చేయడం కూడా ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. తుమ్మపూడి సంజీవదేవ్ సంగతే చూడండి. 1914లో పుట్టి, యవ్వనంలో ఉత్తరాది అంతా, హిమాలయాలూ తిరిగి, కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు రోరిక్ కుటుంబంతో గడిపి, చివరికి దుగ్గిరాల దగ్గరి తన పల్లెటూరికే వచ్చి 1999లో కన్నుమూసేదాకా అక్కడే ఉండిపోయిన చిత్రకారుడు, రచయిత. ఆయనకు లోకమంతా తపాలాలోనే నడిచింది. పండితుడు రాసినా, ఊరూపేరూ లేని కుర్రవాడు రాసినా జవాబిచ్చేవాడు. ఆ లేఖలు పుస్తకాలుగా వచ్చాయి. అవి చదివితే నాకు అర్థమైంది ఒకటే. ఆయన ఎవరికి రాస్తుంటే ఆ పూటకు వాళ్లే ఆయన లోకం. ఒకరికి రాసిన ఉత్తరం మరొకరికి పనికిరాదు. ఒకే మాటను వందమందికి ఒక్క వేలితో పంపగలిగిన మనం ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఇక్కడే ఉంది.

తంతి, అంటే టెలిగ్రాం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. సైకిలు గంట వినబడితేనే గుండె గుభేలుమనేది. 2013 జులై 14 రాత్రితో అదీ ముగిసింది. ఆఖరి రోజున చావు కబురుకు కాక, జ్ఞాపకం కోసం తంతి పంపాలని జనం వరసకట్టారు.

ఫోన్ చరిత్ర పొడుగైనదే. మద్రాసులో టెలిఫోన్ ఎక్స్ఛేంజి 1882లోనే మొదలైంది. మన ఊళ్లకు మాత్రం వందేళ్లు పట్టింది. లక్నో కాన్పూర్ల మధ్య 1960లో, మధ్యలో ఆపరేటరు లేకుండా నేరుగా మాట్లాడే ఎస్టీడీ వచ్చినా, మా తాలూకా కేంద్రంలో ట్రంకు కాల్ బుక్ చేసి సగం రోజు బల్ల మీద కూర్చున్నవాళ్లను నేను ఎరుగుదును. 1984లో ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాట్ ఏర్పడి, శామ్ పిట్రోడా బృందం మన ఎండకూ దుమ్ముకూ తట్టుకునే చిన్న ఎక్స్ఛేంజీలను తయారుచేశాకే ఎస్టీడీ బూత్‌ల పసుపుపచ్చ బోర్డులు వీధివీధికీ వచ్చాయి. ఆ బూత్‌లలో చాలావాటిని వికలాంగులకు కేటాయించారు. అద్దాల గది, ఎర్ర అంకెలు పరిగెత్తే మీటరు, రాత్రి పదకొండు దాటితే పావు ఛార్జీ. చలిలో దుప్పటి కప్పుకుని పదకొండుకోసం ఎదురుచూసే విద్యార్థుల వరస. బూత్ అబ్బాయికి అందరి సంగతులూ తెలుసు. ఎవరు ఏడుస్తూ బయటికొచ్చారో చూసి చిల్లర వదిలేసినవాళ్లున్నారు. పెళ్లి శుభలేఖల మీద పి.పి. నంబరు అని పక్కింటివాళ్ల నంబరు అచ్చేసేవాళ్లు. పక్కింటావిడ గోడ మీంచి "మీ అబ్బాయి ఫోను, పది నిమిషాల్లో మళ్లీ చేస్తాడట" అని కేకేస్తే, తల్లి పొయ్యి దించి పరుగెత్తేది. ఇక్కడా మూడో మనిషి ఉన్నాడు.

కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచీ, కడప, గోదావరి జిల్లాల నుంచీ గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు మరో దారి కనిపెట్టారు. టేపు. గదిలో పదిమంది నిద్రపోయాక క్యాసెట్‌లో మాట్లాడి, ఇంటికి పోయేవాడి పెట్టెలో పెట్టి పంపేవారు. ఊళ్లో టేప్‌రికార్డరు చుట్టూ ఇల్లంతా కూర్చుని వినేది. "అమ్మా, మంచిగున్నవా" అన్న మొదటి మాటకే అందరూ ఏడ్చేవాళ్లు. భార్య మాత్రం తలుపు వారన నిలబడి వినేది. ఆమె కోసం ఒక మాట ఉందనుకున్నా అందరి ముందూ అనగలడా? అందరూ పడుకున్నాక ఆ టేపును మళ్లీ పెట్టుకుని, భర్త ఊపిరి తీసుకున్న చోట్లు కూడా వినేవాళ్లని ఒక తల్లి నాకు చెప్పింది. రాత పక్కనపెట్టి గొంతును పంపడం అన్నది అక్షరం రాని మన కుటుంబాలు వాట్సాప్ కంటే చాలా ముందే తెలుసుకున్న రహస్యం.

1995లో రెండు తలుపులు తెరుచుకున్నాయి. జులై 31న కలకత్తా నుంచి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని టెలికాం మంత్రి సుఖరాంకు మొదటి మొబైల్ కాల్ చేశారు. ఆగస్టు 15న ఇంటర్నెట్ అందరికీ అందుబాటులోకొచ్చింది. అప్పటికే అమెరికాలో చదువుకుంటున్న తెలుగువాళ్లు కంప్యూటరులో తెలుగు కోసం తపిస్తున్నారు. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్.టి.ఎస్. పద్ధతిని రూపొందించారు. అమ్మభాషలో కొట్లాడుకోవడానికీ, కబుర్లాడుకోవడానికీ దారి దొరికింది. ఒంటరి అపార్టుమెంటులో మంచు చూస్తూ కూర్చున్న మనిషికి అది ఎంత ఆసరానో ఊహించగలను.

మొబైల్ మొదట్లో వచ్చే కాల్‌కూ డబ్బు కట్టాలి. 2003లో ఆ భారం పోయింది. ఈలోగా మిస్డ్‌కాల్ ఒక భాషయింది. ఒక్కసారి మోగితే బస్సు దిగానని, రెండుసార్లయితే నువ్వే చెయ్యమని. ఇంటర్నెట్‌లో ఆర్కుట్ 2004లో వచ్చి 2014లో వెళ్లిపోయింది. చిన్నప్పటి బెంచీ నేస్తాలను వెతికిపెట్టి పోయిందని దాన్ని తలుచుకునేవాళ్లు ఇప్పటికీ కనబడతారు. 2016 సెప్టెంబరులో జియోతో డేటా చవకైంది, నవంబరులో వాట్సాప్ వీడియో కాల్ తెచ్చింది. అంతటితో మూడో మనిషి పని అయిపోయింది. పోస్టుమాను, పక్కింటావిడ, బూత్ అబ్బాయి, పెట్టెలో టేపు తెచ్చినవాడు, అందరూ పక్కకు తప్పుకున్నారు.

మనం ఏం పోగొట్టుకున్నామో నాకు మా చెల్లెలి మాటతో తెలిసింది. పెదనాన్న కూతురు. భర్త పోయిన రోజు మా కుటుంబం గ్రూపులో కబురు పెట్టారు. అరగంటలో నలభైకి పైగా ఓం శాంతులు. పదకొండో రోజుకు నేను వెళ్తే ఇంట్లో ఆరుగురం ఉన్నాం. "అందరూ పెట్టినవి చూశాను అన్నయ్యా. ఎవరి గొంతూ వినలేదు" అంది. ఆ నలభై మందీ చెడ్డవాళ్లు కాదు. తమ వంతు అయిపోయిందనుకున్నారు, అంతే. వెనకటి రోజుల్లో కబురు మోసేవాడు మన తరఫున ఆగేవాడు, కూర్చునేవాడు, వినేవాడు. ఇప్పుడు ఆ పని యంత్రం చేయదు. మనమే చేయాలి. మనకు అలవాటు తప్పింది. 2018లో బ్రిటన్ ఒంటరితనం కోసం ఒక మంత్రినే పెట్టుకుంది. ఇది మనొక్కరి జబ్బు కాదు.

అదే ఫోన్‌తో 2020లో ఏం జరిగిందో కూడా చూశాను. విమానాలు ఆగిపోయిన ఆ నెలల్లో, తండ్రి చితి వెలగడాన్ని న్యూజెర్సీలోంచి చిన్న తెర మీద చూసిన కొడుకులున్నారు. ఇక్కడ శ్మశానంలో మాస్కు కట్టుకుని, చెయ్యి లాగేస్తున్నా దించకుండా, ఫోన్ ఎత్తి పట్టుకుని నిలబడ్డ పక్కింటి కుర్రాడు ఒకడుంటాడు. అతనే మా పోస్టుమాను వారసుడు.

మొన్న చలికాలం మా ఊరు వెళ్లాను. మామ్మ ఎప్పుడో పోయింది. ఆమె కొడుకు, ఖరగ్‌పూర్ బాబాయీ లేడు. ఆయన భార్య, పిన్ని ఒక్కతే ఆ అరుగు మీద ఎండలో కూర్చుని ఉంది. మనవడు డల్లాస్‌లో. నన్ను చూడగానే ఫోన్ చేతిలో పెట్టింది.

"ఒరేయ్ అబ్బాయ్, ఇది ఎక్కడ నొక్కాలిరా? వేలు తీస్తే ఆగిపోతోంది."

నేను పక్కన కూర్చుని మైకు బొమ్మ మీద వేలు నొక్కిపట్టాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. గాలికి మునగచెట్టు విరిగిందనీ, విరిగిన కొమ్మకు కూడా పూత నిలిచిందనీ, దాని మీద గూడు పెట్టిన పిచ్చుక రెండు రోజులు అక్కడే తిరిగిందనీ. నాలుగు నిమిషాలు. నేను వేలు తియ్యలేదు. చెప్పడం అయ్యాక తెర వైపు వంగి చూసింది.

"విన్నాడా?"

"ఇంకా లేదు పిన్నీ. అక్కడ అర్ధరాత్రి."

"అయితే కాసేపు కూర్చో" అంది. కూర్చున్నాను.