కాటన్ దొర, లేలీ దొర, నడుమ పులస

హాలండులో కారు లైసెన్సు సంపాదించాలంటే తాతలు దిగొస్తారు. తెరచాప పడవకి మాత్రం ఎవరూ ఏ కాగితమూ అడగరు. పొడవు 15 మీటర్ల లోపు ఉండాలి, వేగం గంటకి 20 కిలోమీటర్లు దాటకూడదు, అంతే. ఈ ఆగస్టులో ఫ్రీస్‌లాండ్‌లో ఒక చిన్న పడవని వారానికి అద్దెకి తీసుకున్నాం. మాలో గాలి మర్మం తెలిసినవాడు ఒక డచ్చి మిత్రుడొక్కడే. పడవాయన డిపాజిట్ తీసుకుని, లంగరు నుంచి గరిటెల దాకా లెక్క అప్పజెప్పి, గాలి బోఫోర్ట్ లెక్కలో 6 దాటితే రేవు వదలొద్దని హెచ్చరించి పంపేశాడు.

ఐసెల్‌మేర్ సరస్సులోకి వచ్చాక అవతలి ఒడ్డు ఆనలేదు. లోతు సగటున నాలుగైదు మీటర్లే కావడంతో కెరటాలు పొట్టిగా, నిటారుగా లేచి పడవని ఎత్తి కుదేస్తున్నాయి. మొహాన పడ్డ తుంపర నాలుకకి తగిలితే చప్పగా ఉంది. ఇంత సముద్రానికి ఉప్పేది?

ఉప్పుని వెళ్ళగొట్టింది కార్నెలిస్ లేలీ అనే ఇంజనీరు. అప్పట్లో ఇది జౌడర్‌జే అనే సముద్రపు పాయ. తుపానొస్తే ఊళ్ళ మీద పడేది. దీని మూతి కట్టేద్దామని లేలీ 1891లోనే పథకం వేశాడు. పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1916 జనవరి తుపాను కట్టలు తెంపాక అందరికీ ఆయన గుర్తొచ్చాడు. అప్పటికి ఆయన మంత్రి కూడా. 1918లో చట్టం వచ్చింది. 1932 మే 28న, 32 కిలోమీటర్ల ఆఫ్‌స్లౌట్‌డైక్ అనే కట్టలో ఆఖరి గండి పూడ్చారు. పాపం, ఆయన 1929లోనే పోయాడు. తర్వాత లోపలి నీళ్ళు కొంతమేర పంపులతో తోడి పొలాలు చేశారు, ఊళ్ళు కట్టారు. వాటిలో ఒకటి లేలీస్టాడ్. ఒకప్పుడు చేపలు ఈదిన చోట ఇప్పుడు బంగాళదుంపలు పండుతున్నాయి.

గోదావరి జిల్లాలవాళ్ళకి ఈ భక్తి కొత్తేమీ కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలు పెట్టాం. గోదావరి స్నానంలో సంకల్పం చెప్పుకుంటూ ఆ దొరని తలిచేవాళ్ళూ ఉన్నారు. ఆయన నీళ్ళిచ్చి పొలాలు పండించాడు, ఈయన నీళ్ళు తోడించి పొలాలు పుట్టించాడు. లేలీకి ఇక్కడ ఎవరూ సంకల్పం చెప్పరు కానీ, కట్ట మీద నిలువెత్తు విగ్రహం ఉంది.

ఇద్దరూ చేపని మాత్రం అడగలేదు. సముద్రం నుంచి ఈ పాయలోకి హెరింగూ ఆంకోవీ గుడ్లు పెట్టడానికి వచ్చేవి. కట్ట పడ్డాక రావడం మానేశాయి. వాటి మీద బతికిన జాలర్లకి పరిహారం కోసం 1925లోనే ఒక చట్టం చేశారనుకోండి, అయినా వల చుట్టిపెట్టి వేరే పనికి పోవడం ఎవరికైనా చేదే.

మన దగ్గర ఆ దెబ్బ తిన్నది పులస. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ అది ఉత్త ఇలస. గోదావరి ఎర్రనీటికి ఎదురీది వచ్చాకే దానికి ఆ రుచీ ఆ పేరూ. పుస్తెలమ్మైనా తినాలని సామెత పుట్టించుకున్న చేప, ఎక్కువగా ఆనకట్ట దగ్గరే ఆగిపోతుంది. స్టావరెన్ రేవులో పొగబెట్టిన మలుగు చేప తింటూ నేను అమ్మ వండే పులసనే తలుచుకున్నాను. మట్టి దాకలో బెండకాయలేసి, రాత్రంతా ఊరనిచ్చి, మర్నాడు వడ్డించే పులుసు అది. డచ్చి మిత్రుడికి వర్ణించబోయి మధ్యలో ఆపేశాను, గొంతు పట్టేసింది.

ఇక్కడివాళ్ళు ఇప్పుడు ఆ కట్టకే గండి కొట్టి, చేపల కోసం వంకర్లు తిరిగే ఒక ఏరు కడుతున్నారు, ఉప్పునీటి నుంచి మంచినీటికి మెల్లగా అలవాటు పడుతూ రావడానికి. దాంతో లేలీ పరువేమీ పోలేదు. ధవళేశ్వరంలో పడవలకి లాకులున్నాయి కదా, పులసకీ పనికొచ్చే దారి ఒకటి కడితే కాటన్ దొర మాత్రం కాదంటాడా?