చోటు, తిథి, అక్షరం: వలసవారి సంతతి నిలుపుకొన్న వారసత్వం

నాగార్జునకొండ శాసనాలలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరానికి చెందినది ఒకటి ఉంది. బోధిసిరి అనే ఉపాసిక చేసిన దానాల పట్టిక అది. తామ్రపర్ణి, అంటే సింహళ దేశపు, స్థవిరుల కోసం చులధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించిన ఆమె, ‘సీహళ విహారం’లో బోధివృక్షానికి ఒక ప్రాసాదాన్ని కూడా కట్టించింది. పేరునుబట్టి అది సింహళ భిక్షువుల నివాసమని పండితులు భావించారు. అనూరాధపురంలో మహాబోధిని పూజించే దేశం నుంచి వచ్చినవారికి కృష్ణాతీరంలో కూడా ఒక బోధివృక్షం లభించింది.

పరదేశంలో ఉన్నవారికి అటువంటి విహారం మూడు విధాల ఉపకరిస్తుంది. కలుసుకొనేందుకు ఒక చోటు ఇస్తుంది. ఉపోసథాల వంటి తిథులను గుర్తుచేస్తుంది. తమ శాస్త్రాన్ని తమ భాషలో చదివి, తరువాతివారికి అప్పగించే ఏర్పాటు చేస్తుంది. భిక్షువులకు సంతతి ఉండదు కాని శిష్యపరంపర ఉంటుంది. పందొమ్మిదవ శతాబ్దంలో కోస్తా రేవుల నుంచి సముద్రం దాటిన తెలుగు కూలీల స్థితి ఇందుకు విరుద్ధం. వారికి సంతతి ఉంది. పరంపరను మాత్రం కొత్తగా కట్టుకోవలసి వచ్చింది. మారిషస్ తెలుగువారి చరిత్ర ఆ కట్టడపు చరిత్రే.

బ్రిటిష్ పాలనలోని మారిషస్‌లో 1835లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు ఒప్పంద కూలీలను రప్పించడం అంతకు ముందే, 1834లో, మొదలైంది. 1834, 1920 సంవత్సరాల మధ్య పోర్ట్ లూయీ రేవులో దిగిన భారతీయ కూలీలు సుమారు 5 లక్షలు. వారిలో కొందరు అక్కడి నుంచి ఇతర దీవులకు, వలస రాజ్యాలకు వెళ్లారు. వారు ఎక్కిన రాతిమెట్లు నేటికీ ఉన్నాయి. ఆప్రవాసీ ఘాట్ అని పేరుపొందిన ఆ స్థలాన్ని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

గోదావరి ముఖంలోని కోరంగి రేవు నుంచి కూడా మనుషులు వెళ్లారు కాబట్టి, తెలుగువారికి అక్కడ ‘కోరంగివారు’ అన్న పేరు స్థిరపడింది. అది వారు పెట్టుకొన్న పేరు కాదు. ఓడ ఎక్కిన చోటునుబట్టి ఇతరులు పిలిచిన పేరు. అధికారుల దస్తావేజులలో చాలామందికి తండ్రి పేరే ఇంటిపేరుగా మారింది. అప్పడు, రామయ్య వంటి పేర్లు ఫ్రెంచి ఉచ్చారణకు తగిన వర్ణక్రమంలో నమోదై తరతరాలుగా కొనసాగాయి. అసలు ఇంటిపేరుతో పాటు, అది చెప్పగలిగిన ఊరి ఆనవాలు కూడా చాలా కుటుంబాలలో చెరిగిపోయింది.

దస్తావేజు చెప్పని సంగతిని కొన్నిసార్లు దేవత చెబుతుంది. మారిషస్ తెలుగువారు నేటికీ సింహాద్రి అప్పన్నను కొలుస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు. సింహాచలం పేరు వినగానే ఉత్తరాంధ్ర తీరం గుర్తుకు వస్తుంది. ఊరిపేరు మరచిన కుటుంబం కూడా ఆ ఊరి దిక్కున ఉన్న కొండను మరవలేదు. దీపస్తంభం చుట్టూ తిరుగుతూ పాడే రామభజనం మరొక ఆధారం. పాట పాడేవారందరికీ ప్రతి మాటకు అర్థం తెలియనక్కరలేదు. వరుస తెలిస్తే చాలు. ఈ విధంగా చోటు, తిథి నిలిచాయి. అక్షరం మాత్రం జారిపోతూ వచ్చింది. తోటలలోనూ బజారులోనూ క్రియోల్, భారతీయులలో అధికసంఖ్యాకుల మధ్య భోజ్‌పురీ వాడుకలో ఉండగా, తెలుగు ఇంటిలోపలి భాషగా కుంచించుకుపోయింది.

1947లో మారిషస్ ఆంధ్ర మహాసభ ఏర్పడడానికి ఇది నేపథ్యం. ఊరూరా ఉన్న ఆలయాలను, సంఘాలను ఒక గొడుగు కిందికి తేవడం, తెలుగు బోధించడం, ఉగాదిని అందరూ కలిసి జరుపుకోవడం దాని ప్రధాన కార్యక్రమాలు. ఉగాది నేడు ఆ దేశంలో ప్రభుత్వ సెలవుదినం. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో తెలుగు బోధన ఉంది. 1975లో హైదరాబాదులో, 1981లో కౌలాలంపూర్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలు మూడవసారి 1990లో మారిషస్‌లో జరిగాయి. ఆ దేశపు జనగణనలో ‘పూర్వికుల భాష’ అనే ప్రశ్న కూడా ఉండేది. ఇంట క్రియోల్ మాట్లాడే మనిషి ఆ గడిలో తెలుగు అని రాయించుకోగలిగాడు. అక్కడ తెలుగు మాతృభాషగా కంటె వారసత్వ భాషగానే ఎక్కువగా నిలిచింది.

ఇటువంటి సంస్థ దెబ్బ తిన్నప్పుడు ఏమి మిగులుతుందో హవాయి దీవుల జపానీయుల చరిత్ర చూపుతుంది. వారు కూడా చెరకు తోటల కూలీలే. 1868లో మొదటి బృందం వెళ్లింది. 1885 నుంచి రెండు ప్రభుత్వాల ఒప్పందంతో వలస పెరిగింది. 1889లో జోదో షిన్‌షు భిక్షువు సోర్యు కగాహి అక్కడికి చేరడంతో హోంగ్వాంజి ఆలయాలకు పునాది పడింది. ఆలయాల పక్కనే జపనీస్ భాషా పాఠశాలలు వెలిశాయి. వాటిపై హవాయి ప్రభుత్వం విధించిన ఆంక్షలు చెల్లవని 1927లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1941 డిసెంబరులో యుద్ధం రాగానే పాఠశాలలు మూతబడ్డాయి. అనేకమంది భిక్షువులు నిర్బంధం పాలయ్యారు. యుద్ధం ముగిసిన తరువాత తరం ఎక్కువగా ఇంగ్లీషు మాట్లాడింది. అయినా పూర్వికుల స్మృతిలో వేసవిలో జరిపే బోన్ నృత్యం ఆలయ ప్రాంగణాలలో నేటికీ జరుగుతున్నది. అక్షరం తగ్గినా చోటు, తిథి నిలిచిన సందర్భం ఇది.

సముద్రం దాటని తెలుగుకు కూడా ఈ కొలత వర్తిస్తుంది. బస్తరులో బీజాపూర్ నుంచి భోపాలపట్నం వెళ్లే దారిలో మద్దేడ్ ఉంది. ఇంద్రావతి గోదావరిలో కలిసే చోటు అక్కడికి ఎంతో దూరం కాదు. ఆ సీమలో గోండీ, దోర్లీ మాటలతో పాటు తెలుగు కూడా వినిపిస్తుంది. రెండేళ్లకొకసారి మేడారం జాతరకు ఛత్తీస్‌గఢ్ నుంచి కోయలు, గోండులు తరలివస్తారు. కాబట్టి తిథి ఉంది, చోటు ఉంది, నోట మాట కూడా ఉంది. బడి భాష మాత్రం హిందీ. ఇంట తెలుగు వినే పిల్లవాడు అక్షరాభ్యాసం నాగరిలో చేస్తాడు. ఇదే బస్తరులోని బార్సూరులో శక 983 (క్రీ.శ. 1060) నాటి తెలుగు శాసనం ఉండింది. ఛిందక నాగరాజు జగదేకభూషణ ధారావర్షుని సామంతుడు చంద్రాదిత్యుడు ఆలయం, చెరువు కట్టించిన వృత్తాంతాన్ని అది తెలిపింది. ఒకప్పుడు తెలుగు అక్షరం అక్కడ రాతికెక్కింది.

మారిషస్‌లో మాట తగ్గినా అక్షరాన్ని సభ పట్టి నిలిపింది. మద్దేడ్ సీమలో మాట ఉన్నా అక్షరం బడిలో లేదు. పుట్టినగడ్డకు గల దూరాన్నిబట్టి మాత్రమే వారసత్వపు బలాన్ని అంచనా వేయడం సరికాదని ఈ రెండూ తెలుపుతున్నాయి. బోధిసిరి కాలంలో చెట్టుకు నీరు పోసేవారు ఉన్నంతకాలమే సీహళ విహారంలో పూజ సాగి ఉంటుంది. నేటి సభలను పరిశీలించేటప్పుడు కూడా మొదట అడగవలసినది అదే: ఆ పనికి ఎవరు ఉన్నారు, వారి తరువాత ఎవరు ఉంటారు?