అల్ ఐన్: నేల తేమ, వేడి, గాలి

అల్ ఐన్ అంటే అరబ్బీలో నీటి ఊట. అబుదాబి ఎమిరేట్‌లో, ఒమాన్ సరిహద్దున, జబల్ హఫీత్ కొండకు దగ్గరగా ఉన్న ఈ పట్టణంలో ఒకే మట్టిగోడకు ఇటు ఖర్జూర తోట, అటు ఎండిన ఇసుక కనిపిస్తాయి. నేలలోని తడి పైనున్న గాలిని ఎలా మారుస్తుందో ఇక్కడ పది అడుగులు నడిస్తే ఒంటికే తెలుస్తుంది.

ఇక్కడి సగటు వాన ఏడాదికి 100 మిల్లీమీటర్ల లోపే. తోటల తడి అంతా మనుషులు తెచ్చుకున్నదే. హిలీ దగ్గర తవ్వకాల్లో బయటపడిన ఫలజ్ క్రీ.పూ. 1000 ప్రాంతానిది. ఎత్తున తల్లిబావి తవ్వి భూగర్భజలాన్ని అందుకుని, సన్నని వాలుతో సొరంగం తీసి, తోటల దగ్గర నీటిని పైకి తేల్చే కాలువే ఫలజ్. మన చెరువుల కింద నీరటి చేసే పనిని ఇక్కడ అరీఫ్ చేసేవాడు: ఎవరి వంతు ఎప్పుడో, ఎంతసేపో అతనే చూసేవాడు. 1946లో ఈ ప్రాంత పాలనకు వచ్చిన షేక్ జాయెద్ పాత ఫలజ్‌లను బాగుచేయించి, అల్ సారూజ్ అనే కొత్తదాన్ని తవ్వించాడు. ఇక్కడి 6 ఒయాసిస్సులకు 2011లో యునెస్కో వారసత్వ గుర్తింపు దక్కింది.

కిలో నీరు ఆవిరి కావాలంటే సుమారు 2.4 మెగాజౌళ్ల వేడి కావాలి. తడి నేల మీద పడిన ఎండలో పెద్ద వాటా ఈ పనికే పోతుంది. గాలిని కాచడానికి మిగిలేది తక్కువ. ఎండు ఇసుకకు ఆ ఖర్చు లేదు. రేణువుల సందుల్లో గాలి ఉండడంతో వేడి లోపలికి దిగక పైపొరే కాగిపోతుంది, రాత్రికి అంతే త్వరగా చల్లారుతుంది. గాలిని కాచే వేడికీ ఆవిరికి పోయే వేడికీ ఉన్న నిష్పత్తిని 1926లో అమెరికన్ శాస్త్రవేత్త ఐరా బోవెన్ సూత్రంగా చెప్పాడు. ఒయాసిస్సులో ఆ నిష్పత్తి సున్నాకు దిగువకూ పోవచ్చు. ఎడారి వడగాలి తన వేడిని తోటకు ఇచ్చేస్తుంది, ఆ వేడి కూడా నీటిని ఆవిరి చేస్తుంది. తోటలో హాయికి వెల నీళ్లతోనే కట్టాలి.

వాయువుల సంగతీ తేమ మీదే ఆధారపడుతుంది. ఎండిన నేల తడిస్తే సూక్ష్మజీవులు ఒక్కసారిగా మేల్కొని కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతాయి. 1958లో దీన్ని వివరించిన హెచ్. ఎఫ్. బిర్చ్ పేరుతోనే శాస్త్రవేత్తలు ఇప్పటికీ పిలుస్తారు. నీరు నిలిచిపోతే మాత్రం, మన వరిమళ్లలోలా, ఆక్సిజన్ అందక మీథేన్ పుడుతుంది.

తడిని మించి, నేల రూపాన్నే మార్చి మేఘాలను పుట్టించవచ్చా? జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫోల్కర్ వుల్ఫ్‌మేయర్‌కు 2016లో ఎమిరేట్స్ వర్షాభివృద్ధి కార్యక్రమం ఇచ్చిన పరిశోధన నిధిలో ఇదీ ఒక ప్రశ్న. అలాగని ప్రతి వానా నేల వల్లే రాదు. 2024 ఏప్రిల్‌లో అల్ ఐన్ ప్రాంతంలోని ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటల్లోపే 254.8 మిల్లీమీటర్లు కురిసింది. 1949లో నమోదులు మొదలయ్యాక దేశంలో ఇంత వాన లేదు. అది దూరం నుంచి వచ్చిన పెద్ద వాతావరణ వ్యవస్థ తెచ్చిన వాన. తోటల తడికి దానితో పని లేదు.