స్టర్లింగ్ చూడవచ్చినవాళ్లు

స్కాట్లాండ్ నడుమ, ఫోర్త్ నది పక్కన, అగ్నిపర్వత శిల మీద స్టర్లింగ్ కోట ఉంది. పాతకాలంలో ఉత్తరాది కొండసీమకు సైన్యం నడిపేవాళ్లకు ఇక్కడి వంతెనే కీలకం. 1297లో స్కాట్ యోధులు విలియం వాలెస్, ఆండ్రూ మరే ఆ వంతెన దగ్గరే ఇంగ్లిష్ సేనను దెబ్బతీశారు. 1314లో స్కాట్ రాజు రాబర్ట్ బ్రూస్ కోటకు కూతవేటు దూరంలో, బానక్‌బర్న్‌లో గెలిచాడు. తర్వాత ఈ కోట స్కాట్లాండ్ ఏలిన స్టూవర్ట్ రాజుల కొలువుకూటమైంది. తొమ్మిది నెలల పసిపాప మేరీకి 1543లో ఈ కోటలోని ప్రార్థనాలయంలోనే పట్టం కట్టారు. ఆమె కొడుకు ఆరో జేమ్స్‌కు 1567లో కోట కిందనున్న హోలీ రూడ్ చర్చిలో పట్టాభిషేకం జరిగింది.

అదే జేమ్స్ 1603లో ఇంగ్లండ్ రాజై లండన్ వెళ్లిపోయాడు. కోట కళ తప్పింది. క్రమంగా సైనికుల బసగా మారింది.

1787లో కవి రాబర్ట్ బర్న్స్ వచ్చేసరికి అక్కడ కనిపించింది ఆ పాడుబడిన వైభవమే. స్టూవర్టుల పతనానికి వగస్తూ, అప్పటి రాజవంశాన్ని తూలనాడుతూ సత్రం కిటికీ అద్దం మీద కొన్ని పాదాలు గీశాడు. తర్వాత ఎప్పుడో వచ్చి తానే ఆ అద్దం పగలగొట్టాడని చెబుతారు.

యాత్రికులను గుంపులుగా రప్పించింది మాత్రం వాల్టర్ స్కాట్. 1810లో వెలువడిన ఆయన కావ్యం ‘ది లేడీ ఆఫ్ ది లేక్’లో ఐదో జేమ్స్ మారువేషంలో లోక్ కాట్రిన్ సరస్సు తీరాన తిరుగుతాడు, కథ స్టర్లింగ్ కోటలో ముగుస్తుంది. చదివినవాళ్లు ఆ దారినే బయల్దేరారు. 1848లో రైలు రావడంతో స్టర్లింగ్ ఆ సరస్సుల సీమకు వాకిలి అయింది.

జాతీయాభిమానం పొంగిన ఆ శతాబ్దంలోనే ఊరికి కొత్త చిహ్నం వచ్చింది. చందాలు పోగుచేసి, ఆబీ క్రెయిగ్ గుట్ట మీద వాలెస్ స్మారక గోపురం కట్టారు. 1861లో శంకుస్థాపన, 1869లో ప్రారంభం. ఎత్తు 67 మీటర్లు, ఎక్కాల్సిన మెట్లు 246.

తర్వాతి వంతు సినిమాది. దగ్గర్లోని డూన్ కోటలో ‘మాంటీ పైథాన్ అండ్ ది హోలీ గ్రెయిల్’ హాస్యచిత్రం తీశారు. అక్కడి ఆడియో గైడ్‌లో ఆ దర్శకుల్లో ఒకరైన టెర్రీ జోన్స్ గొంతే వినిపిస్తుంది. 1995లో వాలెస్ కథతో ‘బ్రేవ్‌హార్ట్’ వచ్చాక వాలెస్ గోపురానికి జనం పోటెత్తారు. వంతెన యుద్ధాన్ని వంతెనే లేకుండా చూపించిన సినిమా అది! అయినా అందులో వాలెస్‌గా నటించిన మెల్ గిబ్సన్ పోలికలతో చెక్కిన వాలెస్ విగ్రహం 1997లో గోపురం కింద కార్ పార్కింగులో వెలిసింది. విమర్శలు మూటగట్టుకుని, 2008లో అక్కణ్నుంచి కదిలింది.

కోట మాత్రం వెనక్కి నడిచింది. 1964లో సైన్యం ఖాళీ చేశాక, బ్యారక్స్ కోసం గదులుగా చీల్చిన నాలుగో జేమ్స్ మహాశాలను దశాబ్దాలపాటు బాగుచేసి, పసుపువన్నె సున్నం పూసి 1999లో తెరిచారు. బూడిదరంగు రాతికి అలవాటుపడ్డ కళ్లకు ఆ మెరుపు మింగుడుపడలేదు. 2011లో ఐదో జేమ్స్ అంతఃపురాన్నీ పదహారో శతాబ్దపు రంగులతో ముస్తాబు చేశారు. సైనికుల కాలం తుడిచిపెట్టుకుపోలేదు: మహాశాలకు ఎదుటి పాత రాజభవనంలో ఆర్గైల్ అండ్ సదర్లాండ్ హైలాండర్స్ రెజిమెంట్ మ్యూజియం నడుస్తోంది.