హాబిట్ (పదం)

హాబిట్ అనేది ఆంగ్ల రచయిత, భాషాశాస్త్రవేత్త జె. ఆర్. ఆర్. టోల్కీన్ (1892 - 1973) తన కల్పిత గాథలలో ఒక పొట్టి మానవజాతికి పెట్టిన పేరు. 1937 సెప్టెంబరు 21న లండనులోని జార్జ్ అలెన్ అండ్ అన్విన్ సంస్థ ప్రచురించిన "ది హాబిట్" అనే బాలల నవల ద్వారా ఈ పదం పాఠకలోకానికి పరిచయమైంది. ఈ మాటను తానే కల్పించినట్లు టోల్కీన్ చెప్పాడు. అయితే ఆ నవలకు 42 సంవత్సరాల ముందు అచ్చయిన ఒక జానపద సంకలనంలో ఇదే పదం ఉన్నట్లు ఆయన మరణానంతరం వెల్లడి కావడంతో, ఇది నిజంగా కల్పిత పదమేనా అన్న ప్రశ్న తలెత్తింది. ఈ వ్యాసం ఆ పదాన్ని గురించినది, నవలను గురించినది కాదు.

పదం పుట్టుక

టోల్కీన్ 1925 నుండి 1945 వరకు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆంగ్లో-సాక్సన్ భాషాచార్యుడు. అదనపు ఆదాయం కోసం వేసవి సెలవులలో పాఠశాల విద్యార్థుల పరీక్షాపత్రాలు దిద్దేవాడు. ఆ పని ఎంత విసుగు పుట్టించేదో చేసినవారికి తెలుస్తుంది. ఒక విద్యార్థి తన జవాబుపత్రంలో ఒక పుట ఖాళీగా వదిలివేయగా, ఆ పుటమీద టోల్కీన్ ఒకే ఒక వాక్యం రాశాడు. నేలలోని బొరియలో నివసించే "హాబిట్" ఆ వాక్యంలోనే తొలిసారి కనిపించింది. అది 1930 ప్రాంతపు సంగతి. ఎందుకు రాశాడో అప్పుడు తెలియదు, తరువాత కూడా తెలియలేదు అని 1955లో కవి డబ్ల్యు. హెచ్. ఆడెన్‌కు రాసిన లేఖలో ఆయన పేర్కొన్నాడు. అంటే పేరు ముందు పుట్టింది; ఆ పేరు గలవారు ఎటువంటివారో, వారి కథ ఏమిటో తరువాత రూపుదిద్దుకున్నాయి.

పేరుకు వ్యుత్పత్తి అంతకన్నా ఆలస్యంగా వచ్చింది. "ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్" మూడవ సంపుటం (1955) అనుబంధంలో, ఈ పదం "హోల్‌బిట్లా" అనే రూపం అరిగిపోగా ఏర్పడినదని టోల్కీన్ చూపాడు. ప్రాచీన ఆంగ్లంలో "హోల్" అంటే బొరియ, "బిట్లియన్" అంటే కట్టడం. కనుక హోల్‌బిట్లా అంటే బొరియ కట్టుకొనేవాడు. అయితే ప్రాచీన ఆంగ్లంలో అటువంటి సమాసం ఎక్కడా లేదు. ఉండి ఉంటే ఎలా మారేదో ధ్వనిసూత్రాలను బట్టి ఆయన ఊహించి కట్టినది మాత్రమే. దీనిని పదానికి మూలంగా భావించడం పొరపాటు. ఇది కథలో ఒక భాగం.

"అబ్జర్వర్" పత్రికలో లేఖ

ఈ పదానికి మూలాన్ని వెదకడం నవల వెలువడిన నాలుగు నెలలకే మొదలైంది. 1938 జనవరి 16న లండను "అబ్జర్వర్" పత్రికలో "హ్యాబిట్" అనే మారుపేరుతో ఒక పాఠక లేఖ అచ్చయింది. అందులో రెండు ప్రశ్నలున్నాయి. ఆఫ్రికాలో కనిపించారని శాస్త్రవేత్త జూలియన్ హక్స్‌లీ ఒక పుస్తకంలో ప్రస్తావించిన రోమశరీరులైన మరుగుజ్జులు హాబిట్లకు మూలమా అన్నది మొదటిది. ఇంచుమించు 1904లో చదివిన ఒక కథా సంకలనంలో "ది హాబిట్" అనే పాత కథ ఉన్నట్లు తన మిత్రురాలికి జ్ఞాపకమని, అందులోని హాబిట్ భయంకరమైన ప్రాణి అని, దానికీ దీనికీ సంబంధం ఉందా అన్నది రెండవది.

ఫిబ్రవరి 20న టోల్కీన్ సమాధానం అదే పత్రికలో వచ్చింది. తన హాబిట్ ఆఫ్రికావాసి కాదని, పాదాలకు తప్ప ఒంటిమీద బొచ్చు లేనివాడని, కుందేలు పోలిక కూడా లేదని ఆయన చమత్కారంగా జవాబిచ్చాడు. తాను పుట్టినది ఆఫ్రికాలోనేనని, చిన్ననాటి నుండి జానపద కథలు విరివిగా చదివానని ఒప్పుకుంటూనే, 1904 నాటి కథ మాత్రం తనకు జ్ఞాపకం లేదన్నాడు. రెండు పదాలకూ ఉన్నది కేవలం ధ్వనిసామ్యం కావచ్చునని, మూలాన్ని ఊహించే పనిని భావి పరిశోధకులకు వదిలివేస్తున్నానని రాశాడు. ఆ పాత కథ మాత్రం ఎంత వెదకినా ఏ సంకలనంలోనూ దొరకలేదు.

నిఘంటువు అడిగిన ప్రశ్న

సరదాగా వదిలివేసిన ఈ విషయం ముప్పై ఏళ్ల తరువాత ఆయనకు గంభీరమైన సమస్య అయింది. ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు అనుబంధ సంపుటాల సంపాదకుడైన రాబర్ట్ బర్చ్‌ఫీల్డ్, "హాబిట్" పదాన్ని అందులో చేర్చదలచి 1970లో టోల్కీన్‌ను సంప్రదించాడు. బర్చ్‌ఫీల్డ్ టోల్కీన్ వద్ద చదువుకున్నవాడే. టోల్కీన్ సైతం 1919 - 20లలో ఇదే నిఘంటువు కార్యాలయంలో "డబ్ల్యు" అక్షరపు పదాల వ్యుత్పత్తులను పరిశోధించినవాడు. ఒక పదానికి "ఫలానావారి సృష్టి" అని ఆ నిఘంటువులో రాయాలంటే ఎంత విచారణ అవసరమో ఆయనకు తెలియనిది కాదు.

అందుకే ఆయన వెంటనే అవునని చెప్పలేదు. తన హక్కు స్పష్టమైనది కాదని తనకు తెలుసునని, నిపుణుల చేత విచారణ చేయిస్తున్నానని 1970 సెప్టెంబరులో బర్చ్‌ఫీల్డ్‌కు రాశాడు. 1971 జనవరిలో బాలసాహిత్య పరిశోధకుడు రోజర్ లాన్సెలిన్ గ్రీన్‌కు రాసిన లేఖలో మరింత స్పష్టంగా, తన హక్కుకు ఆధారం తన నోటిమాట తప్ప మరేదీ లేదని అంగీకరించాడు. పదం తట్టిన సందర్భం తనకు జ్ఞాపకముంది. "హాబ్" మొదలుగా గల ఇంటి దయ్యాల పేర్లు అప్పటికి తనకు తెలియవు. తన హాబిట్లు దయ్యాలు కారు. ఇదీ ఆయన వాదం. ఎవరూ ప్రశ్నించని కీర్తిని తానే ప్రశ్నించుకున్న ఈ సందర్భం సాహిత్యచరిత్రలో అరుదైనది. విచారణ తేలకముందే 1973 సెప్టెంబరు 2న టోల్కీన్ మరణించాడు. 1976లో వెలువడిన నిఘంటువు అనుబంధ సంపుటం (హెచ్ నుండి ఎన్ వరకు) ఈ పదాన్ని ఆయన సృష్టిగానే నమోదు చేసింది.

డెన్‌హామ్ పట్టిక

మూడేళ్ల తరువాత, 1979లో, "ది టైమ్స్" పత్రిక ఒక కొత్త సంగతిని ప్రకటించింది. ఉత్తర ఇంగ్లండు డరమ్ ప్రాంతంలోని పియర్స్‌బ్రిడ్జ్ గ్రామంలో మైకేల్ డెన్‌హామ్ (మరణం 1859) అనే వర్తకుడు సామెతలు, నమ్మకాలు సేకరించి చిన్న చిన్న పుస్తకాలుగా అచ్చువేసేవాడు. వాటిని జానపద విజ్ఞాన సంఘం 1892, 1895 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా పునర్ముద్రించింది. రెండవ సంపుటంలో పూర్వం జనం భయపడిన భూతప్రేతాల పేర్ల పట్టిక ఒకటి ఉంది. ఇంచుమించు రెండు వందల పేర్లు గల ఆ పట్టికలో, "హాబ్‌గోబ్లిన్లు" అనే పేరుకు సరిగ్గా ముందు "హాబిట్లు" అని ఉంది. సూచికలో మాత్రం "ఒక తరగతి ఆత్మలు" అని వివరించారు.

దొరికినది ఇంతే. ఈ హాబిట్లు ఏ ఊరివారు, ఏ రూపంలో ఉండేవారు, ఆ పేరు ఎవరి నోట విన్నాడు అన్నవి డెన్‌హామ్ రాయలేదు. పట్టికలో కొంతభాగం రెజినాల్డ్ స్కాట్ 1584లో రాసిన గ్రంథం నుండి తీసుకున్నది. స్కాట్ ఇచ్చిన పేర్లలో హాబిట్ లేదు. "హాబ్" అనేది రాబర్ట్ లేదా రాబిన్ అనే పేరుకు ముద్దుపేరు. ఉత్తర ఇంగ్లండులో ఇంటి దయ్యాలను కూడా అలా పిలిచేవారు. దానికి చిన్నతనాన్ని తెలిపే ప్రత్యయం చేర్చితే "హాబిట్" కావచ్చు. టోల్కీన్ ఈ సంపుటాన్ని చూశాడనడానికి ఆధారం లేదు. చూసి మరచిపోయి ఉండవచ్చునన్న వాదం ఉంది కాని, దానిని నిరూపించడానికి గాని ఖండించడానికి గాని మార్గం లేదు. పదం ముందే ఉన్నదని తేలినంత మాత్రాన, టోల్కీన్ దానిని స్వయంగా కల్పించలేదని తేలదు. ఒకే ధ్వని ఇద్దరికి వేర్వేరుగా తట్టవచ్చు. వేల్సులో రెండున్నర బుషెళ్ల ధాన్యపు కొలతను కూడా "హాబిట్" అనేవారు; అది వెల్ష్ "హోబైడ్" నుండి వచ్చినది, ఈ కథతో దానికి ఏ సంబంధమూ లేదు.

ఇతర ఊహలు

నవలలో బిల్బోను ఇతర పాత్రలు కుందేలుతో పోల్చడం వలన "రాబిట్" (కుందేలు) నుండి ఈ పేరు పుట్టిందని చాలామంది తలచారు. టోల్కీన్ దీనిని గట్టిగా ఖండించినా, విమర్శకుడు టామ్ షిప్పీ వంటివారు ఆ పోలికను కొట్టివేయలేదు. సింక్లెయిర్ లూయిస్ నవల "బాబిట్" (1922) పేరు తన మనసులో ఉండి ఉండవచ్చునని 1968లో ప్రచురితమైన ఒక ముఖాముఖిలో టోల్కీన్ అన్నాడు. సుఖజీవియైన మధ్యతరగతి మనిషి కథ అది, హాబిట్లూ అటువంటివారే. ఇ. ఎ. వైక్-స్మిత్ 1927లో రాసిన బాలల కథలోని "స్నెర్గ్" అనే పొట్టిజాతి, హాబిట్లకు తనకు తెలియకుండానే మూలమై ఉండవచ్చునని ఆడెన్‌కు రాసిన లేఖలో ఒప్పుకున్నాడు. అయితే అది జాతి స్వభావానికి సంబంధించినది, పేరుకు కాదు.

తరువాతి వాడుక

1974లో వెలువడిన "డంజన్స్ అండ్ డ్రాగన్స్" ఆటలో మొదట హాబిట్లు ఉండేవారు. హక్కుదారుల అభ్యంతరం వలన తరువాతి ముద్రణలలో వారిని "హాఫ్‌లింగ్" అని మార్చారు. టోల్కీన్ వాడిన ఈ రెండవ మాట స్కాట్లండు మాండలికంలో యుక్తవయసు రాని కుర్రవాడికి ఉన్న పాత పేరే కనుక దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. 2012లో ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో ఇరవై ఏళ్లకు పైగా "ది హాబిట్" పేరుతో నడుస్తున్న ఒక మద్యశాలకు కూడా హక్కుదారుల నుండి నోటీసు అందింది. 2003లో ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో సుమారు ఒక మీటరు ఎత్తుగల ప్రాచీన మానవజాతి ఎముకలు దొరికినప్పుడు, హోమో ఫ్లోరెసియెన్సిస్ అనే శాస్త్రీయ నామం కంటే "హాబిట్" అనే మారుపేరే పత్రికలలో ఎక్కువగా వాడుకలోకి వచ్చింది.