మెట్టసీమలో క్రోషే సూది: లేసు నుండి దూది బొమ్మ వరకు

కొక్కెం ఉన్న ఒకే సూదితో, తెంపులేని ఒకే దారంతో, ఒక ఉచ్చులో నుండి మరో ఉచ్చును లాగుతూ సాగించే అల్లికను తెలుగునాట క్రోషే అంటారు, గోదావరి జిల్లాల్లో దాన్నే లేసు అల్లిక అని పిలుస్తారు. రెండు సూదులతో చేసే ఊలు అల్లికలో ఒక వరుసకు చెందిన ఉచ్చులన్నీ సూది మీదే నిలిచి ఉండాలి. క్రోషేలో ఏ క్షణాన చూసినా సూది మీద ఉండేవి ఒకటి రెండు ఉచ్చులే కనుక, అల్లిక ఎటైనా మళ్ళగలదు, చుట్లు తిరుగుతూ బల్లపరుపు వలయం కాగలదు, అంచులు లేచి లోతైన గిన్నె ఆకారాన్ని పొందగలదు. వలయం నుండి లేసు గుడ్డలు పుట్టాయి, గిన్నె ఆకారం నుండి లోపల దూది కూరిన చేపలు, తాబేళ్ళు, ఆక్టోపస్‌లు పుట్టాయి. కుట్టు ఒకటే అయినా ఈ రెండింటి సామాజిక చరిత్ర ఒకటి కాదు. తెలుగు ప్రాంతంలో క్రోషే ఒకవైపు డెల్టాలో ఎగుమతి సరుకుగా మారగా, మరోవైపు మదనపల్లె వంటి మెట్ట పట్టణాలలో చేతిపని బడికి, మహిళా సమాజానికి, ఇంటి తీరికకు చెందిన విద్యగా మిగిలింది. దూది బొమ్మ ఈ రెండో సంప్రదాయానికి దగ్గరి చుట్టమని చెప్పడానికి బలమైన కారణాలున్నాయి.

క్రోషే వృత్తిగా ఎదిగిన తీరును ఐర్లండు చరిత్ర స్పష్టంగా చూపుతుంది. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి, 1852 వరకు సాగిన మహాక్షామం ఆ దేశాన్ని కుదిపివేసినప్పుడు, క్రైస్తవ సన్యాసినుల మఠాలు పేద స్త్రీలకు, బాలికలకు క్రోషే నేర్పి, వారు అల్లిన లేసును లండను వంటి నగరాల సంపన్నులకు అమ్మించాయి. ఆ పనికి పెట్టుబడిగా సూది, దారం చాలు, ప్రత్యేకంగా కర్మాగారమంటూ అక్కర లేదు, తిండి లేని ఇంటి గుమ్మంలోనే కూర్చుని చేసుకోవచ్చు. గోదావరి డెల్టాలోనూ ఆరంభం దీనికి చాలా దగ్గరగానే జరిగింది. 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే మత ప్రచారకులు వచ్చి నరసాపురం ప్రాంతంలో మిషన్ నెలకొల్పారు. 1844లో స్కాట్లండుకు చెందిన మెక్రే దంపతులు స్థానిక స్త్రీలకు లేసు పని నేర్పడంతో నరసాపురం లేసు చరిత్ర మొదలైందని సాధారణంగా చెబుతారు. దయాధర్మంగా మొదలైన ఆ పని ఇరవయ్యో శతాబ్దం నాటికి ఏజెంట్లు, వర్తకులు, ఎగుమతిదారులు ఉన్న వ్యాపారంగా స్థిరపడింది.

ఈ వ్యాపారం స్వరూపాన్ని జర్మన్ సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ 1982లో వెలువరించిన తన గ్రంథంలో నిశితంగా విశ్లేషించారు. ఆమె వివరించిన పద్ధతిలో ఏజెంటు దారం ఇంటికి తెచ్చి ఇస్తాడు, ఒక స్త్రీ పువ్వులు మాత్రమే అల్లుతుంది, మరొకామె అంచులు అల్లుతుంది, ఇంకొకామె విడి ముక్కలను అతికి పెద్ద గుడ్డగా చేస్తుంది. తయారైన సరుకు యూరపు, అమెరికా, ఆస్ట్రేలియా ఇళ్ళలో బల్లల మీద పరచుకునే గుడ్డగా చేరుతుంది. అల్లేవారిని కార్మికులుగా కాక తీరిక వేళల్లో కాలక్షేపం చేసే గృహిణులుగా లెక్కగట్టినందువల్లనే కూలి అంత తక్కువ స్థాయిలో నిలిచిపోయిందన్నది మీస్ ప్రధాన వాదం. దానికి తోడు మరో సంగతిని కూడా గమనించవలసి ఉంది: పనిని ముక్కలుగా పంచడానికి అనువైన వస్తువునే ఈ వ్యాపారం ఎంచుకుంది. బల్లపరుపుగా ఉండే లేసును వందల పువ్వులుగా విడగొట్టి వంద ఇళ్ళకు పంచవచ్చు, మడత పెట్టి పెట్టెల్లో సర్ది ఓడ ఎక్కించవచ్చు. దూది కూరిన బొమ్మ తల నుండి మొండెం దాకా ఒకే చేతి బిగువుతో సాగాలి, మధ్యలో చెయ్యి మారితే ఆకారం ఒంకర తిరుగుతుంది, పెట్టెలో చోటంతా తానే ఆక్రమిస్తుంది. ఏజెంటు దృష్టిలో అది పనికిరాని సరుకు.

మెట్టసీమలో పరిస్థితి వేరు. మదనపల్లె మొదట కడప జిల్లాలోనూ, పుంగనూరు జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనూ ఉండి, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఒకే పాలన కిందికి వచ్చాయి. తమిళనాడు, కర్ణాటకల సరిహద్దులు కలిసే మూలలో చెన్నై-బెంగళూరు రైలు మార్గం మీద కుప్పం ఉంది. ఈ ప్రాంతంలో దారం అంటే ముందుగా గుర్తొచ్చేది పట్టు. మదనపల్లెను ఆనుకొని ఉన్న నీరుగట్టువారిపల్లె పట్టుచీరల మగ్గాలకు పేరుపొందింది. పుంగనూరు, పలమనేరు, కుప్పం పరిసరాలలో మల్బరీ తోటలు, పట్టుపురుగుల పెంపకం రైతు జీవితంలో భాగమయ్యాయి. నేత ఇంటి స్త్రీకి కండెలు చుట్టడం, ఆసు పోయడం ఉంటాయి, పట్టుపురుగులు పెంచే ఇంటి స్త్రీకి ఆకు కోయడం, రోజుకు పలుమార్లు పురుగులకు మేత వేయడం, గూళ్ళు కట్టేందుకు వాటిని చంద్రికల మీదికి ఎక్కించడం ఉంటాయి. డెల్టాలో ఘోషా వల్లనో కుల మర్యాద వల్లనో ఇంటి గడప దాటని స్త్రీల చేతులు వర్తకుడికి అందుబాటులోకి వచ్చినట్టు, ఇక్కడి చేతులు రాలేదు. అవి అప్పటికే మరో దారానికి కట్టుబడి ఉన్నాయి. లేసు వ్యాపారం ఈ సీమలో వేళ్ళూనకపోవడానికి ఇదే కారణం, మిషనరీల కొరత కాదు. మిషనరీలకు ఇక్కడ లోటేమీ లేదు.

అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చికి చెందిన ఆర్కాటు మిషన్ తరఫున జాకబ్ చాంబర్లేన్ 1863లో మదనపల్లెలో కేంద్రం నెలకొల్పాడు. స్త్రీల కోసం, పిల్లల కోసం మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి 1911లో వెలిసింది. పలు మిషన్లు కలిసి నడిపిన క్షయ చికిత్సాలయం 1912లో మొదలై, 1915లో ఇప్పటి ఆరోగ్యవరం స్థలానికి చేరింది. మిషన్ బాలికల బడులలో అక్షరంతోపాటు సూది పని నేర్పడం ఆనాటి మద్రాసు రాజధానిలో సర్వసాధారణం. ప్రభుత్వం కూడా దాన్ని బాలికల విద్యలో భాగంగా గుర్తించింది. ఆ వారసత్వపు జాడ ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పరీక్షల విభాగం లోయర్, హయ్యర్ గ్రేడులుగా నిర్వహించే కుట్టు, ఎంబ్రాయిడరీ పరీక్షలలో కనిపిస్తుంది.

మిషన్ బడికి వెలుపల మదనపల్లెలో చేతిపనికి మరో వేదిక ఏర్పడింది. అనీ బిసెంటు ప్రోత్సాహంతో 1915లో వెలసిన దివ్యజ్ఞాన కళాశాలలో పనిచేయడానికి వచ్చిన జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఐర్లండు వనిత, స్త్రీల ఓటు హక్కు కోసం స్వదేశంలో జైలుకు వెళ్ళి వచ్చిన వ్యక్తి. ఆమె పేరు చెప్పగానే 1919లో రవీంద్రనాథ్ ఠాకూర్ మదనపల్లెకు వచ్చినప్పుడు జనగణమన బాణీకి స్వరలిపి కుదిర్చిన సంగతే అందరికీ గుర్తుకొస్తుంది. అంతకు మూడేళ్ళ ముందే ఆమె పట్టణ స్త్రీలను కూడగట్టిన అబలాభివర్ధినీ సమాజం మాత్రం మరుగున పడింది. ఈ సమాజం తీరు చూసిన దివ్యజ్ఞాన సమాజ సభ్యురాలు డొరతీ జినరాజదాస దేశమంతటికీ ఇటువంటిది ఉండాలని తలచడంతో, 1917లో మద్రాసులోని అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ ఏర్పడింది, దాని శాఖలు వయోజన స్త్రీలకు చదువు, కుట్టుపని, ప్రథమ చికిత్స తరగతులు నడిపాయి. భారత మహిళా ఉద్యమ చరిత్రలో ఇంత ముఖ్యమైన సంస్థకు బీజం ఒక తాలూకా పట్టణంలో పడిందన్న సంగతికి స్థానిక చరిత్ర రచనలో దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదు. ఈ తరగతులలో సూది పని కూలి కోసం చేసే పని కాదు. ఇల్లు దాటి నలుగురు స్త్రీలు ఒకచోట కూర్చోవడానికి సమాజం అభ్యంతర పెట్టని నెపం. ఐర్లండులో ఆకలి తీర్చిన సూదికి, నరసాపురంలో ఎగుమతి సరుకు అల్లిన సూదికి లేని పాత్ర ఇది.

ఇటువంటి వాతావరణంలో నేర్చిన చెయ్యి ఏజెంటు ఇచ్చిన నమూనాకు కట్టుబడదు, ఇంట్లో ఎవరికి ఏది కావాలో అది అల్లుతుంది. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లెలో చలికాలం చలికాలంగానే ఉంటుంది కనుక ఊలు టోపీకి అక్కడ పని ఉంది. చంటిబిడ్డ టోపీకి, దూది బొమ్మకు మధ్య దూరం చాలా తక్కువ: టోపీ అంచు దగ్గర ఆపకుండా కుట్లు తగ్గించుకుంటూ పోయి, దూది కూరి, మూతి మూసేస్తే అది బొమ్మ తల. ఈ ప్రాంతానికి తెలిసిన పాత బొమ్మలు వేరు. తిరుపతి నుండి తెచ్చుకునే ఎర్రచందనపు జంట బొమ్మలు దసరా కొలువులో నిలబడేవి, పాత చీర పేలికలతో చుట్టిన గుడ్డ బొమ్మలు పిల్లల చేతుల్లో నలిగేవి. క్రోషే బొమ్మ పేలిక బొమ్మకు వారసురాలు. ఇలాంటి బొమ్మలను ఒక ప్రత్యేక కళగా తీర్చిదిద్దింది జపాను దేశం. అక్కడ అమిగురుమి అని పిలిచే ఈ బొమ్మలు 21వ శతాబ్దపు తొలి దశకంలో ప్రపంచమంతటా వ్యాపించాయి.

బొమ్మ అల్లికలోని లెక్క సులువైనదే. నడుమ ఒక చిన్న ఉచ్చులో 6 కుట్లు వేస్తారు, తరువాతి చుట్టులో 12, ఆపైన 18, 24, 30, ఇలా చుట్టుకు 6 చొప్పున పెంచుతారు. పొట్టి కుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం కనుక, వ్యాసార్థం ఒక కుట్టు మేర పెరిగినప్పుడల్లా చుట్టుకొలత ఆరు కుట్లకు కాస్త ఎక్కువగా పెరగాలి. 6 చొప్పున పెంచితే వలయం దాదాపు బల్లపరుపుగా వస్తుంది. లేసు అల్లేవారు సాధారణంగా వాడే పొడవు కుట్టుకు ఎత్తు ఎక్కువ కాబట్టి అక్కడ చుట్టుకు 12 వరకు పెంచుతారు. పెంచడం ఆపి అదే సంఖ్యతో కొన్ని చుట్లు తిప్పితే అంచు నిలువుగా లేస్తుంది, తగ్గిస్తే గోళం మూసుకుంటుంది. ఆరుకు మించి పెంచుతూ పోతే అంచు ముడతలు పడి అలలు తిరుగుతుంది. ఆక్టోపస్ చేతులు మెలికలు తిరగడానికి గొలుసులోని ప్రతి కన్నులో రెండు మూడు కుట్లు వేయడంలోని రహస్యం ఇదే. కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన డైనా తైమినా 1997లో ఈ సూత్రంతోనే, కాగితం మీద కొలతలు చెడకుండా గీసి చూపలేని హైపర్‌బోలిక్ తలాన్ని, అంటే ప్రతి బిందువు వద్ద జీను ఆకారంలో వంగి ఉండే ఉపరితలాన్ని, క్రోషేలో అల్లి చూపారు. పగడాలు, సముద్రపు నత్తగుల్లల దగ్గరి బంధువులైన కొన్ని జీవులు ఇదే రీతిలో మడతలు దేలి పెరుగుతాయని గ్రహించిన మార్గరెట్, క్రిస్టీన్ వర్థైమ్ అనే అక్కచెల్లెళ్ళు 2005లో లాస్ ఏంజిలస్‌లో పగడపు దిబ్బను క్రోషేలో అల్లే పథకాన్ని ఆరంభించగా, అందులో అనేక దేశాల వేలాది స్త్రీలు పాల్గొన్నారు. సముద్ర జీవులు క్రోషే బొమ్మలకు ఇంతగా అనువుగా ఉండటం కాకతాళీయం కాదు. ఎముకల చట్రం లేని మెత్తని శరీరానికి సూదిపని సహజంగా లొంగుతుంది, నాలుగు కాళ్ళ మీద నిలబడవలసిన పుంగనూరు ఆవును అల్లడం దానికన్నా ఎంతో కష్టం.

దూది ఆక్టోపస్ ఆసుపత్రి గడప తొక్కింది డెన్మార్కులో. నెలలు నిండకుండా పుట్టిన శిశువులు ఆ బొమ్మ చేతులను బొడ్డుతాడును పట్టుకున్నట్టు పట్టుకుంటారనీ, గొట్టాలను లాగివేయడం తగ్గుతుందనీ భావించి, 2013లో అక్కడి స్వచ్ఛంద కార్యకర్తలు వీటిని అల్లి ఇవ్వడం మొదలుపెట్టారు. నూలు దారమే వాడాలి, చేతులు సాగదీసినా 22 సెంటీమీటర్లు మించరాదు, 60 డిగ్రీల వేడి నీటిలో ఉతకడానికి తట్టుకోవాలి, దూది బయటికి రానంత బిగువుగా అల్లాలి అన్నవి వారి నియమాలు. వైద్యపరంగా దీని ప్రయోజనానికి గట్టి రుజువులు లేనందున కొన్ని ఆసుపత్రులు అంటువ్యాధుల భయంతో వీటిని అనుమతించవు, ఆ జాగ్రత్త సమంజసమే. ఆరోగ్యవరం చికిత్సాలయానికి తొలి అధిపతి క్రిస్టియన్ ఫ్రిమొట్-మొల్లర్ కూడా డెన్మార్కు వైద్యుడే కావడం యాదృచ్ఛికమే గాని, మదనపల్లె చదువరులకు అది ఆసక్తి కలిగించకపోదు.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంటే ఆ పేరు ఆ ప్రాంతంలో తయారైన సరుకుకే చెల్లుతుంది. మెట్టసీమలో అల్లే బొమ్మకు అటువంటి పేరూ లేదు, రక్షణా లేదు, మరోవైపు ఏజెంటు నిర్ణయించిన కూలి కూడా లేదు. క్రోషేను పూర్తిగా అనుకరించే యంత్రం వాణిజ్యంగా వాడుకలోకి రాలేదు కనుక, అంగట్లో దొరికే ప్రతి క్రోషే బొమ్మ వెనుక గంటల తరబడి కదిలిన చేయి ఉండి తీరుతుంది; దారం, దూది ఖరీదు కొద్దిపాటిది, ధరలో పెద్ద భాగం కాలానికే చెందాలి. డెల్టాలో ఆ కాలాన్ని లెక్కలోకి రాకుండా చేసిన మాట తీరిక. బొమ్మ అల్లే మదనపల్లె, కుప్పం స్త్రీల పొదుపు సంఘాలు గాని, వారికి శిక్షణ ఇచ్చేవారు గాని ధర కట్టడానికి కూర్చున్నప్పుడు మొదట ఎదురయ్యేది అదే మాట.